మాత్ర మారాక కలలు మారాయా? కారణం పట్టుకోవడం ఎలా

మళ్లీ మళ్లీ వస్తున్న ప్రశ్నలు మూడు. "కొత్త మాత్ర మొదలుపెట్టాక రాత్రంతా సినిమా చూసినట్టు కలలు. మాత్ర ఆపేయనా?" "తెల్లవారుజామున ఎవరో తరుముతున్నట్టు కలొచ్చి ఉలిక్కిపడి లేస్తున్నాను. ఇక నిద్ర పట్టదు, ఏం చేయాలి?" "నాకు ఏళ్ల తరబడి కలలే లేవు. ఇదేమైనా జబ్బా?"

మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే చెప్పేస్తాను: ఆపకండి. మీ అంతట మీరు అసలు ఆపకండి. ఎందుకో ఐదో మెట్టులో వస్తుంది. మిగతా రెండింటికీ కాస్త ఓపిక కావాలి. డాక్టర్ చేయాల్సిన పని మీకు చెప్పడం లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు మీరు చేయగలిగిన పని, మీరు తప్ప ఇంకెవరూ చేయలేని పని చెబుతున్నాను.

ముందు ఈ కాస్త తెలిస్తే చాలు

నిద్ర సుమారు 90 నిమిషాల చుట్లుగా సాగుతుంది. ప్రతి చుట్టు చివరా రెమ్ నిద్ర అనే దశ వస్తుంది. మూసిన రెప్పల కింద కళ్లు గబగబా కదులుతుంటాయి, ఒంట్లో కండరాలు పట్టు వదిలేసి ఉంటాయి. కథలా సాగే కలలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే పరిశోధకులు ఈ దశను గుర్తించారు. మొదటి చుట్టులో ఇది కొద్ది నిమిషాలే ఉంటుంది, తెల్లవారేకొద్దీ నిడివి పెరుగుతుంది.

ఇందులోంచి మనకు పనికొచ్చేవి రెండు. ఒకటి, కల గుర్తుండాలంటే ఆ సమయానికి మెలకువ రావాలి. కాబట్టి "కలలు ఎక్కువయ్యాయి" అంటే చాలాసార్లు మెలకువలు ఎక్కువయ్యాయని అర్థం. రెండు, ఏదైనా మందు గానీ నిద్రలేమి గానీ రెమ్ నిద్రను అణచిపెడితే, ఆ అడ్డు తొలగిన రోజు నుంచి శరీరం ఆ బాకీ వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది. అప్పుడు వచ్చే కలలు మామూలుగా ఉండవు.

కావలసినవి

ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను. ఫోన్ వద్దు. తెర వెలుగు కళ్లలో పడి, రెండు మెసేజ్‌లు చదివేసరికి కల సగం చెరిగిపోతుంది.

మీరు వాడుతున్న మందులన్నీ ఒకచోట. అన్నీ అంటే అన్నీ: అలర్జీ మాత్రలు, దగ్గు మందు, నిద్ర కోసం సొంతంగా కొనుక్కున్నవి, విటమిన్లు, చివరికి కంటి చుక్కలు కూడా. గ్లకోమా అనే కంటి జబ్బుకు వేసే టిమొలాల్ చుక్కలు కంట్లో వేసినా కొంత రక్తంలో కలుస్తుంది, పీడకలలు దాని దుష్ప్రభావాల జాబితాలో ఉన్నాయి. ఈ చుక్కల సంగతి డాక్టర్‌కు చెప్పాలని చాలామందికి తోచదు.

మీ గదిలో పడుకునే మనిషి సాక్ష్యం. ఒంటరిగా ఉంటే ఫోన్‌లో ఆడియో రికార్డర్ పెట్టి దూరంగా ఉంచండి. ఫోన్‌కు ఈ పనిలో ఉన్న చోటు అదొక్కటే.

రెండు వారాలు.

1. మీకు వస్తున్నది కలేనా, చూసుకోండి

"పీడకల" అని అందరూ అనే మాట కింద కనీసం నాలుగు వేరు వేరు సంగతులు ఉన్నాయి. ఇక్కడ పొరబడితే మిగతా మెట్లన్నీ వృథా.

అసలైన పీడకల తరచుగా రాత్రి రెండో సగంలో, తెల్లవారుజాముకు దగ్గరగా వస్తుంది. లేవగానే పూర్తి తెలివిలో ఉంటారు, కథ గుర్తుంటుంది, చెప్పగలుగుతారు.

పడుకున్న మొదటి రెండు మూడు గంటల్లో కెవ్వున అరిచి లేచి కూర్చోవడం, కళ్లు తెరిచే ఉన్నా పలకరిస్తే పలకకపోవడం, పొద్దున అడిగితే "నేనా? అరిచానా?" అనడం వేరు. దీన్ని నైట్ టెర్రర్ అంటారు. ఇది గాఢనిద్రలోంచి వస్తుంది. పిల్లల్లో ఎక్కువ. కుదిపి లేపే ప్రయత్నం చేయకండి, దెబ్బ తగలకుండా చూసుకుంటే చాలు, కాసేపటికి మళ్లీ పడుకుంటారు.

మెలకువ వచ్చినా వేలు కూడా కదపలేకపోవడం, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉండటం స్లీప్ పెరాలసిస్. రెమ్ నిద్రలో కండరాలు వదిలేసిన పట్టు తిరిగి రాకముందే మనసు లేచిపోయింది, అంతే. కొన్ని సెకన్ల నుంచి కొద్ది నిమిషాల్లో పోతుంది. నిద్ర చాలనప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ వస్తుంది. అయితే దీనికి తోడు పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తుంటే, పకపకా నవ్వినప్పుడు మోకాళ్లు పట్టు తప్పుతుంటే నార్కొలెప్సీ అనే నిద్ర జబ్బు ఉందేమో పరీక్ష చేయించుకోవాలి.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. కలలో తన్నితే నిజంగా కాలు విసరడం, కలలో కొట్టుకుంటే పక్కనున్నవాళ్లకు దెబ్బ తగలడం. రెమ్ నిద్రలో కండరాలు పట్టు వదలాల్సింది వదలకపోవడం వల్ల ఇలా జరుగుతుంది. దీన్ని 1986లో షెంక్, మహోవాల్డ్ అనే వైద్యులు వివరించారు. కొన్ని డిప్రెషన్ మందుల వల్ల కూడా రావచ్చు. పెద్ద వయసులో మొదలైతే మాత్రం అది కొందరిలో పార్కిన్సన్స్‌కు ఏళ్ల ముందే కనిపించే గుర్తు కూడా కావచ్చు. కాబట్టి రెండు వారాల నోట్‌బుక్ కోసం ఆగకుండా న్యూరాలజిస్టును కలవండి. ఈలోపు మంచం పక్కన గాజు వస్తువులు, పదునైన మూలలున్న బల్లలు తీసేయండి. పక్కలు వేరు చేసుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

2. మందుల తేదీలు రాయండి

పేర్లు కాదు, తేదీలు. ఒక్కో మందుకు నాలుగు: ఎప్పుడు మొదలైంది, డోసు ఎప్పుడు మారింది, వేసుకునే వేళ ఎప్పుడు మారింది, ఆపేసినదైతే ఎప్పుడు ఆపారు. ఈ నాలుగోదాన్నే అందరూ మరిచిపోతారు. "ఇప్పుడు నేనేమీ వాడటం లేదండీ" అంటారు. పది రోజుల క్రితం ఆపిన మాత్రే ఈ రాత్రి కలలకు కారణం కావచ్చు.

పక్కనే కలలు మారిన తేదీ రాయండి. సరిగ్గా గుర్తు లేకపోతే ఇంట్లోవాళ్లను అడగండి. మీ కలవరింతలు భరించినవాళ్లకు బాగా గుర్తుంటుంది.

3. రెండు వారాలు రోజూ రాయండి

లేవగానే, మంచం దిగకముందే, ఇవి మాత్రం:

- పడుకున్న వేళ, లేచిన వేళ, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది
- కల వల్ల మెలకువ వచ్చిందా, వస్తే సుమారు ఎన్నింటికి
- ఆ కల ఎంత బాధపెట్టింది, 0 నుంచి 10 మధ్య ఒక అంకె
- నిన్న ఏ మందు ఎన్నింటికి వేసుకున్నారు, మద్యం, కాఫీ, సిగరెట్ ఉంటే ఎప్పుడు
- కలకు ఒక్క వాక్యం

ఆ ఒక్క వాక్యం దగ్గరే జాగ్రత్త. నేను మొదటిసారి ఇలా రాసినప్పుడు మూడు పేజీల కల రాశాను, ఎవరు కనిపించారు, ఏ రంగు చీర, ఏ మేడ. టైమ్ రాయడం మరిచాను. వారం తర్వాత చూస్తే చక్కటి కథల పుస్తకం ఉంది గానీ తేల్చుకోవడానికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. కల దేని గురించి అన్నదానికన్నా ఎన్నింటికి వచ్చింది, ముందు రోజు ఏం జరిగింది అన్నదే మనకు కావాలి.

గడియారం అస్తమానం చూడకండి. చూసినకొద్దీ టెన్షన్ పెరిగి నిద్ర దూరమవుతుంది. "రాత్రి మొదట్లో", "మధ్యలో", "తెల్లవారుతుండగా" అని రాసుకున్నా సరిపోతుంది.

4. మాత్రను అనుమానించేముందు నిద్రను చూడండి

చాలామంది నేరుగా మందు మీదే నేరం మోపుతారు. ముందు వీటిని దాటి రండి.

గురక ఉందా? గురక మధ్యలో ఊపిరి ఆగి, మళ్లీ ఒక్కసారి ఎగశ్వాసతో మొదలవుతోందా? పొద్దున తలనొప్పి, పగలంతా మగత ఉన్నాయా? ఉంటే స్లీప్ అప్నియా కావచ్చు. రెమ్ నిద్రలో గొంతు కండరాలు ఇంకా వదులవుతాయి కాబట్టి చాలామందిలో ఊపిరి అడ్డుపడటం అప్పుడే ఎక్కువ. మునిగిపోతున్నట్టు, ఎవరో గొంతు నులుముతున్నట్టు కలలు వస్తున్నాయని కొందరు చెప్పడం వెనక ఇది ఉండవచ్చు. రికార్డర్ పెట్టమన్నది ఇందుకే. ఇంకోమాట: అప్నియాకు సీప్యాప్ యంత్రం (ఊపిరి దారి మూసుకుపోకుండా గాలి పంపేది) పెట్టుకున్న తొలి రాత్రుల్లో కలలు పోటెత్తవచ్చు. అది యంత్రం పడకపోవడం కాదు, ఇన్నాళ్లూ తెగిపోతూ వచ్చిన రెమ్ నిద్ర తిరిగి రావడం. ఆ కారణంతో తీసి పక్కన పడేయకండి.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతున్నారా? పీడకలతో లేచేసరికి పక్క చెమటతో తడిసి ఉంటే, అది కల సమస్య కాకపోవచ్చు, రాత్రి చక్కెర పడిపోవడం కావచ్చు. లేచిన వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువ ఉంటే వెంటనే తీపి తీసుకోండి, పావుగంట ఆగి మళ్లీ చూడండి, ఆ రోజే డాక్టర్‌కు చెప్పండి.

నిద్ర బాకీ పడిందా? వారమంతా నాలుగైదు గంటలే పడుకుని సెలవు రోజు పొద్దెక్కేదాకా పడుకుంటే ఆ పొద్దుటి కలలు చిత్రవిచిత్రంగా ఉంటాయి. అందులో వింత లేదు.

మద్యం. "కాస్త పుచ్చుకుంటే హాయిగా నిద్ర పడుతుంది" అన్నది సగం నిజం. రాత్రి మొదటి సగంలో రెమ్ నిద్రను తొక్కిపెడుతుంది, దాని ప్రభావం దిగాక రెండో సగంలో మెలకువలు, గాఢమైన కలలు. రోజూ తాగుతూ ఒక్కసారిగా మానేసినవాళ్లలో ఇది ఇంకా తీవ్రం. చేతులు వణకడం, లేనివి కనిపించడం మొదలైతే అది అత్యవసరం, ఆసుపత్రికే వెళ్లాలి. గంజాయి వాడి మానేసినవాళ్లకూ కొన్ని వారాలపాటు కలలు ఎక్కువగా వస్తాయి.

జ్వరం ఉన్న రోజులను నోట్‌బుక్‌లో గుర్తు పెట్టి లెక్కలోంచి తీసేయండి.

5. ఇప్పుడు మందుల జాబితా తీయండి

కలలను కదిలించే మందులు చాలా ఉన్నాయి. ఎక్కువగా తగిలేవి ఇవి.

డిప్రెషన్, ఆందోళనలకు ఇచ్చే సెర్ట్రలిన్, ఫ్లూయోక్సెటిన్, పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటివి రెమ్ నిద్రను తగ్గిస్తాయి. అయినా కలలు ఎక్కువయ్యాయనేవాళ్లు ఉన్నారు, ఎందుకంటే ఇవే నిద్రను తునకలు చేసి మెలకువలూ పెంచుతాయి. అమిట్రిప్టిలిన్ లాంటి పాత తరం మందులూ రెమ్‌ను అణచిపెడతాయి. వీటిలో ఏదైనా టక్కున ఆపితే కలల వరద.

గుండె, బీపీ, మైగ్రేన్, వణుకులకు ఇచ్చే బీటా బ్లాకర్లలో ప్రొప్రనలాల్, మెటోప్రొలాల్ కొవ్వులో కరిగే రకం, మెదడులోకి తేలిగ్గా చేరతాయి. అటెనలాల్ తక్కువ చేరుతుంది. అందుకే ఈ ఇబ్బంది చెబితే డాక్టర్ కొన్నిసార్లు రకం మారుస్తారు.

ఉబ్బసం, అలర్జీలకు ఇచ్చే మాంటెలుకాస్ట్ గురించి తల్లిదండ్రులు ప్రత్యేకంగా వినాలి. పీడకలలు సహా మానసిక దుష్ప్రభావాల కారణంగా అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 మార్చిలో దీనికి తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను జోడించమంది. పిల్లల్లో కొత్తగా పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో మార్పు కనిపిస్తే అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయండి.

పార్కిన్సన్స్‌కు లెవోడోపా, ప్రామిపెక్సోల్. మతిమరుపుకు డొనెపెజిల్, దీన్ని రాత్రి బదులు పొద్దున వేసుకోమని మారిస్తే చాలామందికి ఇబ్బంది తగ్గుతుంది. మలేరియాకు మెఫ్లోక్విన్, హెచ్‌ఐవీకి ఎఫావిరెంజ్. సిగరెట్ మానడానికి వారెనిక్లిన్, నికోటిన్ ప్యాచ్. ప్యాచ్ అయితే పడుకునేముందు తీసేయవచ్చేమో అడగండి, తరచుగా సరేనంటారు. ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్లు కూడా నిద్ర చెడగొడతాయి, రోజుకొకసారి వేసుకునేదైతే సాధారణంగా పొద్దునే వేసుకోమంటారు. నిద్ర కోసం వాడే మెలటోనిన్ కూడా కొందరికి స్పష్టమైన కలలు తెస్తుంది.

నిద్రమాత్రల సంగతి వేరు. జోల్పిడెమ్ వేసుకుని నిద్రలోనే నడవడం, వండటం, బండి నడపడం జరిగిన సందర్భాలున్నాయి. ఎఫ్‌డీఏ 2019లో దీనిపై తీవ్ర హెచ్చరిక పెట్టింది. ఒక్కసారి అలా జరిగినా మళ్లీ వేసుకోకుండా డాక్టర్‌ను అడగాలి.

హెచ్చరిక: జాబితాలో మీ మాత్ర కనిపించగానే "దొరికింది దొంగ" అని ఆపేయకండి. బీటా బ్లాకర్ ఒక్కసారిగా ఆపితే ఛాతీనొప్పి, గుండెపోటు దాకా వెళ్లవచ్చు. ఆందోళన తగ్గడానికి ఇచ్చే క్లోనజెపామ్ లాంటివి రోజూ వాడుతూ ఒక్కసారిగా ఆపితే మూర్ఛ రావచ్చు. డిప్రెషన్ మందు ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, పైగా మీరు వదిలించుకోవాలనుకున్న కలలే ఇంకా పెరగవచ్చు.

6. నోట్‌బుక్‌తో డాక్టర్ దగ్గరికి వెళ్లండి

నోట్‌బుక్ మొత్తం చేతికివ్వకండి, చదివే తీరిక ఉండదు. ఒక కాగితం మీద మూడు వాక్యాలు: ఏ మందు ఏ తేదీన మారింది, కలలు ఏ తేదీన మారాయి, 14 రాత్రుల్లో ఎన్ని రాత్రులు కల వల్ల లేచారు. తర్వాత ఈ వరసలో అడగండి: వేసుకునే వేళ మార్చవచ్చా? డోసు తగ్గించవచ్చా? ఇదే పని చేసే వేరే రకం ఉందా? ఆపాల్సి వస్తే ఎన్ని వారాల్లో మెల్లగా తగ్గించాలి?

"కలలేగా, ఏం కాదు" అనే డాక్టర్ ఎదురుపడితే నొచ్చుకోకుండా ఆ 14 రాత్రుల అంకె మళ్లీ చెప్పండి. అంకెను తోసిపుచ్చడం కష్టం.

7. ఈలోపు ఒకే రకం పీడకల వెంటాడుతుంటే

మందు లేని పద్ధతి ఒకటి ఉంది. కలను మెలకువలో తిరగరాయడం. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2018లో పెద్దవాళ్ల పీడకలలకు దీన్ని సిఫార్సు చేసింది. అదే పత్రం పీడకలల కోసం క్లోనజెపామ్ వద్దంది, "పడుకోవడానికి ఏదో ఒకటి రాసివ్వండి" అని అడిగేవాళ్లు ఇది గమనించాలి.

పగటిపూట కూర్చుని, మరీ భయంకరమైనది కాకుండా ఓ మోస్తరు పీడకలను ఎంచుకోండి. క్లుప్తంగా రాయండి. తర్వాత మీకు నచ్చినట్టు మార్చండి: తరుముతున్నవాడు చిరునామా అడగడానికి వచ్చాడనుకోండి, కూలిపోతున్న మెట్లు జారుడుబల్ల అయ్యాయనుకోండి. నమ్మేలా ఉండాలని లేదు. ఆ కొత్త కథను రోజూ 10 నుంచి 20 నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించుకోండి.

ఇక్కడ అందరూ చేసే తప్పు, పాత కథను మొదటినుంచీ నెమరేసి చివర మాత్రమే మార్చడం. అలా చేస్తే రోజూ పీడకలకే రిహార్సల్ వేసినట్టు. కొత్త కథనే ఊహించుకోవాలి. ప్రమాదం, హింస లాంటి నిజంగా జరిగినవి కలలో తిరిగి వస్తుంటే మాత్రం ఇది ఒంటరిగా చేయకండి, సైకాలజిస్టు సాయంతో చేయండి.

ఫలితం చూసుకోవడం ఎలా

ఒకసారి ఒక్కటే మార్చండి. మాత్ర వేళ మార్చి, అదే వారం కాఫీ మానేసి, కొత్త దిండు కొంటే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

మార్పు తర్వాత మళ్లీ 14 రోజులు రాసి, రెండు అంకెలు పోల్చండి: కల వల్ల లేచిన రాత్రులు, బాధ అంకెల సగటు. మొదటి వారాన్ని చూసి తీర్పు చెప్పకండి. రెమ్‌ను అణచే మందు తగ్గించినప్పుడు తగ్గేముందు పెరగడం మామూలే. ఫ్లూయోక్సెటిన్ ఆపాక కూడా కొన్ని వారాలు ఒంట్లోనే ఉంటుంది, కాబట్టి దాని విషయంలో ఇంకా ఆగాలి. పారాక్సెటిన్ త్వరగా దిగిపోతుంది, తేడా కొద్ది రోజుల్లోనే తెలుస్తుంది.

కలలు ఆగిపోవడం మన లక్ష్యం కాదు. రాత్రికి నాలుగు కలలొచ్చినా, పొద్దున బాధ అంకె 2 ఉండి, పగలు మగత లేకపోతే మీరు బాగున్నట్టే.

చచ్చిపోవాలన్న ఆలోచనలు, పగలు కూడా కలకూ నిజానికీ తేడా తెలియకపోవడం, నిద్రలో లేచి బయటికి వెళ్లిపోవడం, వీటిలో ఏది కనిపించినా లెక్కలు పక్కనపెట్టి వెంటనే డాక్టర్‌ను కలవండి.

ఇక మిగిలింది మూడో ప్రశ్న, కలలే రావడం లేదని. చాలావరకు వస్తూనే ఉంటాయి, గుర్తుండటం లేదు. నిద్ర తెగకుండా పడుతున్నవాళ్లకు అలాగే ఉంటుంది, అది జబ్బు కాదు. పరీక్షించి చూడాలనుంటే, ఏ హడావుడీ లేని రోజున రోజూ లేచే వేళకన్నా అరగంట ముందుకు అలారం పెట్టండి. మోగగానే కట్టేసి, పక్కకు కూడా తిరగకుండా, కళ్లు మూసుకునే "ఇప్పటిదాకా ఎక్కడున్నాను?" అనుకోండి. నాలుగైదు పొద్దులు ఇలా చేస్తే ఏదో ఒక ముక్క చేతికి చిక్కుతుంది. డిప్రెషన్ మందు వాడుతున్నవాళ్లకు ఇలా చేసినా చిక్కకపోవచ్చు. జబ్బు నెమ్మదించి, నిద్ర సరిగ్గా పడుతుంటే దాని కోసం మందు మార్చమని అడగాల్సిన పని లేదు.